జలరాక్షసుడి తరుగు

లోకంలో న్యాయం ఎక్కడ తప్పినా తప్పవచ్చు గానీ, ఎమ్మిగనూరులో ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు రాక్షసుడికీ మనిషికీ మధ్య తప్పడానికి వీల్లేదు. ఈ మేరకు నియమావళి ఉంది. పదకొండు పేజీలు. (పన్నెండో పేజీ కూడా ఉంది. అది సమోసాల గురించి.)

తెలియనివారి కోసం చెబుతున్నాను. ఇది ఇరవై ముఖాల పాచికలతో ఆడే కథ. రేణుక టైలరింగ్ షాపులో, బట్టలు కత్తిరించే టేబుల్ చుట్టూ కూర్చుంటాం. తలా ఒక వీరుడి వేషం కడతారు, నోటితోనే. ఒకడు మాత్రం కథ చెబుతూ, దారికి అడ్డంగా రాక్షసులను దింపుతూ, వాళ్ళ తరఫున పాచికలు వేస్తూ, ఎవరు చచ్చినా తిట్లు తింటూ ఉంటాడు. ఆ ఒకణ్ణి నేను. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి తిట్లు కొత్త కాదు.

ఈ పనిలో అసలు కష్టం బలాబలాలు సరిపెట్టడం. రాక్షసుడు బక్కవాడైతే వీరులు ఆవలిస్తారు, బలవంతుడైతే ఏడుస్తారు. జూన్‌లో నేను దింపిన కొండచిలువ బుస కొట్టేలోపే చచ్చింది. జులైలో దింపిన సాలీడు ఏసన్న వీరుణ్ణి ఒక్క కాటుతో చంపేసింది. ఏసన్న నందవరం రూట్లో షేర్ ఆటో తోలతాడు. పదమూడు మంది ఎక్కాక కూడా పద్నాలుగోవాణ్ణి చేయి పట్టి లాగే మనిషి, మరునాడు నన్ను చూసి "సీటు లేదు" అన్నాడు. ఆ రూట్లో ఆ మాట వినబడటం అదే మొదలని పెద్దలంటారు.

దాంతో బలాబలాల పరిశీలన సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఉరుకుందప్ప. ఎన్నిక ఏకగ్రీవం (ఓటు వేసింది ఉరుకుందప్పే). ఆయన ఆదోనిలో ఒక పత్తి మండీలో తూకం గుమస్తా. బస్తా చూసి బరువు చెప్పగలడు, బరువు చూసి బస్తాను తగ్గించగలడు. సంఘం చేసిన తీర్మానాలు రెండు. ఒకటి, ఏ రాక్షసుడైనా యుద్ధానికి ముందు అధ్యక్షుల వారి చేత తూకం వేయించుకోవాలి. రెండు, వీరుడు చచ్చినవాళ్ళు శోకం ఆరడానికి మూడు నెలలు ఆటకు రాకూడదు.

ఏసన్న శోకం ఆరబెట్టుకుంటున్న కాలంలో ఆ కుర్చీలోకి సుంకప్ప వచ్చాడు. రేణుకకు మేనమామ. తుగ్గలి దగ్గర ఆరెకరాల పత్తి రైతు. మేనకోడల్ని చూసిపోదామని వచ్చి, ఊరికే కూర్చుని, ఇక లేవలేదు. ఆదివారం వస్తే రెండు బస్సులు మారి వస్తాడు. వారమంతా ఈ మూడు గంటల కోసమే ఎదురుచూస్తానని రేణుకతో అన్నాడట. ఆయన వీరుడు కొండప్ప పోయిన వారం పాడుబావిలో పడ్డాడు. ఇరవై పాయింట్ల ప్రాణంలో రెండే మిగిలాయి.

ఈ స్థితిలో నేను జలరాక్షసుణ్ణి దింపాను. నాలుగు వందల పాయింట్ల ప్రాణం. మూడు వారాలు లెక్కలు కట్టి తయారుచేసుకున్నాను. ఉరుకుందప్ప కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"యాడ నుంచి వచ్చినాడు సారూ?"

"చెరువులోంచి."

"అట్లయితే తేమ ఉంటాది. నూటిరవై తియ్యల్ల. ఒంటి మీద నాచు ఉండాదా?"

వర్ణనకు అందంగా ఉంటుందని నాచు రాసుకున్నాను. చెత్త కింద ఎనభై పోయింది. ఇనుప కవచం గోనెసంచితో సమానమట, వంద. శాంపులుకని గుప్పెడు తీశాడు (ఆయన గుప్పెడు అరవై). ఆదివారం తూకం కాబట్టి ఇంకో ఇరవైతొమ్మిది. నాలుగు వందల రాక్షసుడు పదకొండుకు వచ్చాడు.

"మరి వీరులకు తరుగు లేదా?" అన్నాను.

"కొనే పక్క తరుగు ఉండదు సారూ," అన్నాడు, మూడో తరగతి పిల్లవాడికి చెప్పినంత ఓపికగా.

ఎవరు ముందు కొట్టాలో పాచిక వేస్తే సుంకప్పకు పడింది. కొట్టినవాణ్ణే రాక్షసుడు తిరిగి కొడతాడు, బతికుంటే. పదకొండుతో ఉన్నవాడు బతికే ప్రశ్నే లేదు. ఆయన పాచిక వేస్తే చాలు. వేయలేదు. రాక్షసుడి కాగితం తీసుకుని, కొట్టివేతలన్నీ వేలితో చదివాడు.

"తేమ, సెత్త, సంచి, శాంపులు... ఇదంతా నాకు నోటికొచ్చు సారూ. పోయిన బేస్తవారం ఈయన మండీలో నా పత్తికి ఇదే వరస. నాచొక్కటే లేదు."

ఉరుకుందప్ప ఫ్యాను వైపు చూశాడు. "అది యాపారం. ఇది ఆట గదప్పా."

"ఆట అనే అడుగుతాండాను. ఈడన్నా ఒకతూరి పూర్తిగా తూకం ఎయ్యి."

"మామా, నీకు రెండే ఉండాది," రేణుక కంగారుపడింది. "వాడు తిరిగి కొడితే సస్తావు. మూడు నెల్లు రాకూడదు."

"తెలుసు లేమ్మా."

సంఘం అత్యవసరంగా సమావేశమై అనుమతించింది. (రైతు తన నష్టాన్ని తానే కోరుకున్నప్పుడు ఏ సంఘమైనా అడ్డుపడినట్టు మా ప్రాంతంలో దాఖలా లేదు.) నేను పదకొండు కొట్టేసి నాలుగు వందలు రాశాను.

సుంకప్ప గట్టిగానే కొట్టాడు, ముప్పై పోయింది. మూడువందల డెబ్భై ఇంకా నిలబడే ఉంది. రాక్షసుడి తరఫున పాచిక వేయాల్సింది నేను. నిజం చెబుతున్నాను, ఒకటి పడాలని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. పదిహేడు పడింది. కొండప్ప చచ్చాడు. రేణుక ఎవరిదో జాకెట్టు గుడ్డతో కళ్ళు తుడుచుకుంది.

సుంకప్ప మాత్రం పాచిక వైపే కాసేపు చూసి, నవ్వాడు.

"పూర్తి తూకమంటే ఇంత బలంగా ఉంటాదా సారూ!"

లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఉరుకుందప్ప వైపు తిరిగాడు.

"తరుగు తియ్యకుండా తూకం ఏసినారంటే మా ఊర్లో ఎవురూ నమ్మరు. ఒక సీటీ రాసియ్యప్పా."

ఉరుకుందప్ప పెన్ను తీసి, కాసేపు ఆలోచించి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చీటీ ఇస్తే రేపు మండీలో అందరూ అదే అడుగుతారట.