మింగేసిన 510510

రష్యాలోని సరాతోవ్‌లో లెక్కల టీచరు కపితోలీనా, ఆమె మొగుడు యెఫీమ్ ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నదే: ట్రామెక్కాలి, తొమ్మిదింటికి గృహ కార్యాలయంలో కొత్త ఇంటి తాళంచెవి అందుకోవాలి. నాలుగు కుటుంబాలకు ఒకటే వంటగది ఉన్న ఇంట్లో పదకొండేళ్ళు నెట్టుకొచ్చారు. వేళకు చేరకపోతే ఆ తాళంచెవి వరసలో తర్వాతివాళ్ళది.

ట్రాములో పెట్టెలో చిల్లర వేసి యెఫీమ్ ఒక టికెట్టు చింపుకున్నాడు. తర్వాతది చింపిన కపితోలీనా కొయ్యబారిపోయింది. 510510.

"ముందు మూడంకెలూ కలిపితే ఆరు, వెనక మూడూ ఆరే. అదృష్టం టికెట్టే కపితోలీనా! మింగెయ్," అన్నాడు యెఫీమ్. ఆ ఊళ్ళో అలాంటి టికెట్టు కడుపులో పడితేనే కలిసొచ్చేది.

"ఆగవయ్యా! రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు. ఒకటీ, తామూ తప్ప ఇంకెవరూ భాగించలేని మొదటి ఏడుగురు. ఏడుగుర్నీ గుణిస్తే ఇదే! 714ను దాని పక్కింటి 715తో గుణించినా ఇదే! ఇంతటిది నా చేతికి..." ఆమె కళ్ళు తుడుచుకునేలోగా యెఫీమ్ గుటుక్కుమనిపించాడు.

తర్వాతి స్టాపులో తనిఖీ చేసే అగ్రఫేనా ఎక్కింది. "టికెట్టేదమ్మా?"

"మా ఆయన తిన్నాడు."

"టికెట్టు కొనని ప్రతిదాని మొగుడూ తింటూనే ఉంటాడు. జరిమానా కట్టు."

"కట్టేద్దామే, తొమ్మిదవుతోంది," అని యెఫీమ్ జేబు తడుముకున్నాడు.

"చచ్చినా కట్టను! 510510 కొన్నదాన్ని, దొంగలా దిగమంటావా?" అంటూ కపితోలీనా ఆ సంఖ్య గొప్పంతా అగ్రఫేనాకు ఏకరువు పెట్టింది.

"కోతలు! తేలేదాకా బండి కదలదు," అంది అగ్రఫేనా.

ఇక చూడాలి. ఎడమవైపు వాళ్ళు ఏడు సంఖ్యలూ పంచుకున్నారు, కుడివైపు వాళ్ళు 714ను పట్టుకున్నారు. మంచు పట్టిన కిటికీల నిండా వేళ్ళతో గుణకారాలు. డ్రైవరు మెల్లగా కదిలించబోతే వెనకసీటు ముసలాయన కేకేశాడు: "కుదిపావంటే చూడు! అంకె జారిపోతుంది!"

చివరికి రెండువైపులా అద్దాల మీద ఒకటే సంఖ్య తేలింది. ఒకాయన టోపీ తీశాడు. తక్కినవాళ్ళూ తీశారు.

అగ్రఫేనా రసీదు పుస్తకం మూసేసింది. "ఇంతటిదాన్ని మింగినవాణ్ణి ఏ నియమం కింద రాయాలో ఇందులో లేదు. పొండి."

తొమ్మిదీ ఇరవై. ఇద్దరూ పడుతూ లేస్తూ పరిగెత్తారు. కార్యాలయం ముందు జనం అరుస్తున్నారు, కిటికీ మూసే ఉంది. గుమాస్తా ఇంకా రాలేదట! కాసేపటికి రొప్పుతూ వచ్చి కిటికీ తెరిచింది ట్రాములో వెనకసీటు ముసలాయనే.

"లెక్క తేలకుండా ఎలా దిగను, టీచరమ్మా?" అని మొదటి తాళంచెవి ఆమెకే ఇచ్చాడు.

"చూశావా, మింగబట్టే!" అన్నాడు యెఫీమ్.

కపితోలీనా తాళంచెవికి కట్టిన ఇంటి నంబరు బిళ్ళ చూస్తోంది. 61. "రెండుతో పోదు, మూడుతో పోదు, ఐదూ ఏడూ అసలే పోవు... ఏమయ్యా, మన ఇంట్లో భాగానికి ఎవరూ రాలేరు!"

ఆదివారం మూటాముల్లెతో దిగిన యెఫీమ్ తల్లికి మాత్రం లెక్కలు రావు.