ముర్రుపాలు పారబొయ్యాలె

ఆ రోజు పొద్దున జమ్ములమ్మ పెట్టుకున్న పని ఒక్కటే: జున్ను వండడం. బర్రె ఆ పూటే ఈనేలా ఉంది. బెల్లం దంచింది, యాలకులు తీసింది, బిజినేపల్లిలో తమ వీధిలో ఎవరెవరికి గిన్నె పంపాలో కూడా అనుకుంది. అంతలో కోడలు ప్రేమలతకు నొప్పులు మొదలయ్యాయి. బర్రెను మొగుడు ప్రభుదాసుకు అప్పజెప్పి, కోడలిని ఆటోలో నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకొచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆడపిల్ల పుట్టింది. పుణేలో పనికి పోయిన కొడుకు సాంసన్‌కు ఫోన్‌లోనే పాప ఏడుపు వినిపించారు.

ప్రేమలత చేతులు చాపింది. పాపను ఒళ్లో పెట్టుకున్న జమ్ములమ్మ ఇవ్వలేదు.

"గిప్పుడే ఏంది? ముందుగాల వచ్చేవి చెడ్డ పాలు. పచ్చగ, బంకబంకగ ఉంటయి. మూడొద్దులు పిండి పారబొయ్యాలె. అందాక తేనె నాకిపిద్దాం."

"చెడ్డవెట్లయితయి అత్తా? రోగాలు రాకుండ కాసేవి అవే. తేనె గీనె వద్దు. నా బిడ్డను నాకియ్యి."

"సాంసన్‌కు నేను తాపిన్నా? వాడు బతకలేదా?"

"బతికిండు. నెలకోసారి జరం పట్టుకుంటనే బతుకుతుండు."

సరిగ్గా అప్పుడే జమ్ములమ్మ ఫోన్ మోగింది. ప్రభుదాసుకు ఫోన్‌లో మాట్లాడటమంటే పొలం అవతలి గట్టు మీది మనిషిని పిలవడమే. ఆయన గొంతు ప్రేమలతకూ వినిపించింది.

"ఏమే, బర్రె ఈనింది. ముర్రుపాలు పిండిన. ఏం జెయ్యాలె?"

జమ్ములమ్మ ఫోన్ చెవికి పెట్టుకునే, మొగుడి మాట వినిపించుకోకుండా కోడలి మీదికి లేచింది. "ముర్రుపాలు పారబొయ్యాలన్ననా లేదా! దాని నోట్ల ఒక్క చుక్క పడొద్దు! ఇంగ ఎదురు మాట్లాడితే ఊకోను!"

"సరే సరే" అని అవతల ఫోన్ పెట్టేశాడు. జమ్ములమ్మ చేత ఒక మాటను రెండుసార్లు చెప్పించుకునే ధైర్యం ప్రభుదాసుకు ఏనాడూ లేదు.

ఆ 'సరే' బర్రె పాల మీదికి పోయిందని ప్రేమలతకు అర్థమైంది. చెప్పబోయింది. కానీ ఎదురు మాట్లాడితే ఊకోనని అత్త ఇప్పుడే అన్నది కదా! మర్యాదగల కోడలిలా నోరు మూసుకుంది.

బిజినేపల్లిలో ప్రభుదాసు ముర్రుపాలు పేడకుప్పలో కుమ్మరించి, దూడ తాగకుండా దాని మూతికి చిక్కం కట్టాడు. జున్నుపాల కోసం గిన్నెతో వచ్చిన పక్కింటి ఖాజా మియా నిర్ఘాంతపోయాడు.

"ఏమైంది ప్రభుదాసన్నా? బర్రెకు రోగమా?"

"తెల్వదు భాయ్. పారబొయ్యమన్నది. దూడకు గుడ తాపొద్దంట."

దూడకే వద్దన్నారంటే అది చిన్న రోగం కాదు. మొన్న వీధిలో తిరిగిన కుక్క ఖాజా మియాకు గుర్తొచ్చింది. ఆయన గిన్నె ఇల్లు చేరేలోపే, బర్రెను పిచ్చికుక్క కరిచిందన్న మాట వీధి చివరకు చేరింది. బర్రెను ముట్టుకున్నవాళ్లూ, ముట్టుకున్నామేమోనని అనుమానం ఉన్నవాళ్లూ కలిసి ఒక ఆటో నిండారు. సూదుల కోసం ఆ ఆటో నేరుగా అదే దవాఖానకు వచ్చింది.

ప్రభుదాసు వార్డు గుమ్మం దగ్గరే నిలబడి అరిచాడు. "బర్రెను పిచ్చికుక్క ఎప్పుడు కరిసిందే? జర ముందే చెప్పొద్దా?"

"కుక్కేంది? కరుసుడేంది?"

"మరి ముర్రుపాలు పారబొయ్యమంటివి? పారబోసిన. దూడకు చిక్కం గుడ కట్టిన."

జమ్ములమ్మ పాపతో సహా లేచి నిలబడింది. "దూడకు తాపలేదా! ముర్రుపాలు తాగకుంటె దానికి బలమెక్కడిది? రోగమొస్తె తట్టుకుంటదా? తల్లి మొదటి పాలు పిల్లకు దక్కకుండ ఎవరన్న చేస్తరా? బుద్ధుందా నీకు?"

ప్రేమలత మంచం మీద లేచి కూర్చుంది.

"మల్లొక్కసారి చెప్పు అత్తా. మామకు సరిగ్గ వినబడలే."

జమ్ములమ్మ పాప మీది గుడ్డ సర్దసాగింది. గుమ్మంలో ఖాజా మియా నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

"దూడకో న్యాయం, నా బిడ్డకో న్యాయమా? ఇటియ్యి. ఇయ్యకుంటె ఆ చిక్కం తెప్పిచ్చి, దీని మూతికి నీ చేత్తోనే కట్టు!"

జమ్ములమ్మ అటూ ఇటూ చూసి, పాపను కోడలి చేతుల్లో పెట్టింది. ఖాజా మియా వెంటనే ఇంట్లో ఉన్న భార్య గౌసియాబీకి ఫోన్ చేసి దూడ చిక్కం విప్పించాడు.

సాయంత్రం పక్క మంచం బాలింతకు జమ్ములమ్మ నచ్చజెబుతోంది. "ముర్రుపాలు ఒక్క చుక్క గుడ పారబొయ్యొద్దు బిడ్డా. మా కోడలికి గిదే చెప్పి చెప్పి నా గొంతు పోయింది."

ప్రేమలత కాదనలేదు, పాపను రెండో వైపుకు మార్చుకుంది.