ఓటు యంత్రానికి చేపల ఐసు

పోలింగు జరిగే బడి తలుపులు తెరవగానే ఓటేసి, ఎండ ముదరకముందే ఫిలిప్పీన్స్‌లోని డగూపాన్ బజారులో రెండు పెట్టెల బంగుస్ చేపలూ అమ్మేయాలన్నది పురీతా పథకం. పెట్టెలు వరండాలో దించి క్యూలో నిలబడింది. ఓటేసేలోగా ఐసు ఎంత కరుగుతుందో కూడా లెక్క వేసుకునే వచ్చింది. ఓటు కాగితాలు మింగి లెక్కపెట్టే, విదేశంలో తయారైన యంత్రం మాత్రం ఆ లెక్కలో లేదు.

అది నాలుగు ఓటు కాగితాలు మింగి, అయిదోదాన్ని సగంలో కరిచిపట్టుకుని ఆగిపోయింది.

"వేడెక్కిందట. వేరేది పంపమన్నాను, సాయంత్రమవుతుందట," అంది ఎన్నికల అధికారిగా కూర్చున్న ఎస్గెర్రా టీచరు.

"చలిదేశంలో పుట్టిన పిల్ల! మన మే నెల ఎండకి తట్టుకుంటుందా పాపం," అన్నాడు క్యూలో ఉన్న సెలో తాత.

జనం ఇళ్లకు పోలేదు. క్యూలో ఎవరి చెప్పులు వాళ్లు వదిలి నీడన కూర్చున్నారు. ఒక్కరూ తమ చెప్పుల్ని ముందుకు జరపలేదు. బజారు తూకాల మధ్య పెరిగిన పురీతాకు అంత నిజాయితీ ఒకేచోట కనబడటం అదే మొదలు.

కొందరు విసనకర్రలతో యంత్రానికి విసరసాగారు. అవన్నీ ప్రచారంలో పంచినవి. మేయరు పదవికి పోటీపడుతున్న ఇద్దరి మొహాలూ వాటి మీదున్నాయి.

"మేడమ్! వాళ్ల నాయకుడి మొహం మెషిన్‌కి చూపిస్తున్నారు. లోపల ప్రచారం చెయ్యకూడదు కదా!" అని ఒక పార్టీ ఏజెంటు నాందో అరిచాడు.

"మరి మీవాడు దాని చెవిలో ఊదుతున్నాడుగా!" అంది అవతలి పార్టీ ఏజెంటు చారింగ్.

టీచరు విసనకర్రలన్నీ బయట పెట్టించింది. అప్పుడు అందరి చూపులూ మెల్లగా చేపల పెట్టెల మీదికి మళ్లాయి.

"అక్కా, కాస్త ఐసు..." అంది చారింగ్.

"ఐసిస్తే చేపల గతేంటి? మీ మెషిన్ కొంటుందా?"

అందే గానీ, లెక్క వేసింది. క్యూ వదిలిపోతే ఓటు పోతుంది. బజారుకు వెళ్లినా, కొనేవాళ్లంతా ఇక్కడే ఉన్నారు, అక్కడ ఈగలే మిగిలుంటాయి. ఐసు సంచుల్లో నింపి యంత్రం చుట్టూ పేర్చింది.

చల్లబడిన యంత్రం మళ్లీ కూత పెట్టింది. అందరూ చప్పట్లు కొడుతూ ముందుకు తోసుకొచ్చారు. బల్ల ఒరిగింది, ఒక సంచి చిరిగింది, చేపనీళ్లు యంత్రం నోట్లోకి జారాయి. టప్‌మని బడి మొత్తానికీ కరెంటు పోయింది.

ఐసు లేని చేపలు మధ్యాహ్నం దాటవు. పురీతా బడి వెనక నిప్పు రాజేసి అన్నీ కాల్చేసింది. రేపు బజారుకు వచ్చేది వీళ్లే కదా అని ఒక్క పేసో అడగలేదు. "ఎర్ర చెప్పులకి ఒకటి! తెగిన చెప్పులకి తలకాయ ముక్క!" అంటూ క్యూ ప్రకారమే పంచింది. నాందో, చారింగ్ ఒకే అరటాకులో తిన్నారు.

సాయంత్రం కొత్త యంత్రంతో వచ్చిన ఇంజనీరు పాతదాన్ని విప్పి మండిపడ్డాడు. "నీళ్లెవరు పోశారు? ఇది ప్రభుత్వ సొత్తు. కేసు పెడతా, జైలే!"

పురీతా ఒకడుగు ముందుకు వేసింది. చేపలు పోతే పోయాయి, ఇప్పుడు తనే పోయేలా ఉంది. ఒప్పేసుకుందామని నోరు తెరిచేలోపు నాందో అందుకున్నాడు.

"నీళ్లు కాదు సార్, చెమట. పొద్దున్నుంచీ కష్టపడింది."

"చెమటలో చేప పొలుసులుంటాయా?"

"సముద్రం దాటి వచ్చింది కదా సార్," అంది చారింగ్.

"అవును సార్!" అంది క్యూ మొత్తం, టీచరుతో సహా.

ఇంజనీరు అందరి మొహాలూ చూసి, పాతదాని మూత బిగించాడు.

ఆ రోజు ఆ బడిలో రెండు పార్టీలూ కలిసి వేసిన ఓటు అదొక్కటే.