గౌరవనీయులైన శిలాఫలకం

లేనిదాన్ని పెంచడం సాధ్యమా?

మొహిద్దీన్ బాషా పొద్దున్నే తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. కారణం పత్రికలో మొదటి పేజీ వార్త. దేశ అణ్వాయుధాలకు కావలసిన విడిభాగాల ఉత్పత్తి సామర్థ్యాన్ని మార్కాపురంలో రెట్టింపు చేయాలని ప్రభుత్వం సంకల్పించింది. మార్కాపురంలో అటువంటి ఉత్పత్తి ఇదివరకు జరిగినట్టు, తాతల నాటి నుంచి అక్కడే పలకలు కోస్తున్న బాషాకు తెలియదు. ఉన్నది పెరుగుతుంది, తరుగుతుంది. లేనిది పెరగాలంటే ముందు ఉండాలి కదా! తత్త్వగ్రంథాలు చదివే అలవాటున్నవాడికి పత్రిక చదవడం కొంచెం కష్టం.

అతని సందేహం తీర్చడానికి ప్రభుత్వమే నడిచి వచ్చింది. ముందు అధికార పార్టీ నాయకుడు వీరాంజనేయులు, వెనుక అవసరాల అంచనా అధికారిణి పావని.

“బాషా మామా, నీ పంట పండినాది!” అన్నాడు వీరాంజనేయులు.

“పండేదానికి నేనేమేసినాను అల్లుడా?”

పావని ఫైలు తెరిచింది. “కర్మాగారానికి రాతినేల కావాలి, ఉంది. జనం నోరెత్తకూడదు, ఎత్తరు. ఫ్లోరైడ్ లేని నీళ్ళు కావాలి. చుట్టుపక్కల అవి మీ బోరులోనే ఉన్నాయి. అందువల్ల దాన్ని దేశం కోసం కేటాయిస్తున్నాం.”

“ఫ్యాక్టరీ ఎప్పుడొస్తాది మేడం?”

“రహస్యం.”

“ఎక్కడొస్తాది?”

“అదీ రహస్యమే.”

“నీళ్ళు ఎప్పటినుంచి కావాల?”

“ఇవాళ్టి నుంచి.”

ఇంత స్పష్టమైన పరిపాలనను బాషా ఎన్నడూ చూడలేదు. అయినా అడగకుండా ఉండలేకపోయాడు. “ఇప్పటిదాకా తయారైనవి ఎన్ని మేడం?”

“సున్న.”

“సున్నను రెట్టింపు చేస్తే?”

“ఆ ఇబ్బంది మేమూ గమనించాం. అందుకే మూడు రెట్లు చేయాలని ప్రతిపాదన పంపాం.”

మోటారు స్టార్టరు పెట్టెకు గుడ్డ చుట్టి, లక్కముద్ర వేసి, దేశానికి సెల్యూట్ చేసి వెళ్ళారు.

బాషా కార్ఖానాలో ఒక కట్టుబాటు ఉంది. మోటారు వేయగానే మొదటి నీళ్ళు గోడ బయటి వీధి కుళాయికి పోవాలి. బిందెలన్నీ నిండాకే కోత యంత్రానికి. వాళ్ళ అబ్బా పెట్టిన పద్ధతి అది. ఇప్పుడు యంత్రమూ ఆగింది, కుళాయీ ఆగింది. వీధి మళ్ళీ చేతిపంపు ఫ్లోరైడ్ నీళ్ళకు పోయింది. ఆ నీళ్ళు ఏం చేస్తాయో ఎదురింటి శ్రీశైలమ్మ మోకాళ్ళను చూస్తే చాలు. కొనకనమిట్లలో పుట్టి, అటువంటి నీళ్ళే తాగి పెరిగిన మనిషి. నిటారుగా నిలబడి ఎన్నేళ్ళయిందో.

ఆమె ఖాళీ బిందె గుమ్మంలో పెట్టింది. “ఏంది బాషన్నా, ఇంక బాంబులు తాగి బతకాల్నా మేము?”

“దేశం కోసం వదినా.”

“దేశానికి మోకాళ్ళు లేవా?”

బాషా భార్య ఖాతూన్‌బీ లోపలి నుంచి అందుకుంది. “ఆయన్నేమడుగుతావులే అక్కా! ఆయనింకా సున్న కాడ్నే ఉండాడు.”

వారంలో వీరాంజనేయులు మళ్ళీ వచ్చాడు. శంకుస్థాపనకు ఫలకం కావాలట. “మన రాయే ఉండాలన్నారు మామా, మంత్రిగారు.”

“నీళ్ళు లేనిదే మిషన్ ఆడదు అల్లుడా, దుమ్ము లేస్తాది.”

“ఉలితో చెక్కు. మీ తాతకు మిషన్ ఉండిందా ఏంది?”

బాషా చెక్కడానికి కూర్చున్నాడు. ఏం చెక్కాలన్న విషయం పావని పరిశీలనకు వెళ్ళింది. కర్మాగారం పేరు రహస్యం కనుక కొట్టేశారు. ఊరు, తేదీ కొట్టేశారు. మంత్రిగారి పేరు చూసి శత్రువు శాఖను ఊహించగలడని అదీ కొట్టేశారు. మిగిలింది ‘గౌరవనీయులైన’ అన్న ఒక్క మాట. దాన్నిబట్టి మా మంత్రిగారిని ఎవరూ గుర్తుపట్టలేరని పావని భరోసా ఇచ్చింది.

కర్మాగారం స్థలం కూడా రహస్యమే కాబట్టి సభ కార్ఖానా ముందు, ఎండిన కుళాయి పక్కన జరిగింది. మంత్రిగారు తెర లాగారు. సీసా నీళ్ళు రెండు గుక్కలు తాగి ఉపన్యసించారు. “మార్కాపురం పలక మీద ప్రపంచం అక్షరాలు దిద్దింది. ఇక భయం దిద్దుతుంది! ఈ క్షణంతో మన సామర్థ్యం మూడింతలైందని ప్రకటిస్తున్నాను!”

చప్పట్లు మోగాయి. వీరాంజనేయులు కళ్ళు తుడుచుకున్నాడు. బాషా ఫలకాన్నే చూస్తూ ఉండిపోయాడు. అక్షరాలు బాగానే కుదిరాయి.

నెల తిరక్కుండా పత్రికలో మరో వార్త వచ్చింది. లక్ష్యం గడువుకు ముందే నెరవేరినందున కర్మాగారం నిర్మించాల్సిన పని లేదని ప్రభుత్వం సగర్వంగా తెలిపింది. బాషా పావనికి ఫోన్ చేశాడు.

“మేడం, ఫ్యాక్టరీ లేదంట గదా. బోరు సీలు తీస్తారా?”

“రద్దయింది కర్మాగారం. అవసరాలు రద్దు కాలేదు.”

“ఎవరి అవసరాలు మేడం?”

“కర్మాగారానివి.”

బాషా ఫోన్ పెట్టేశాడు. రేపో మాపో ఏ గ్రంథంలోనో దొరుకుతుందనుకున్న జవాబు అంత తేలిగ్గా దొరికినందుకు ఆశ్చర్యం వేసింది. లేనిదాన్ని పెంచడం సాధ్యమే. ఉన్నదాన్ని మూసేస్తే సరిపోతుంది.

గోడ బయట చేతిపంపు కిర్రుమంటోంది. శ్రీశైలమ్మ కొడుతోంది, ఆగుతోంది, మోకాలు పట్టుకుంటోంది, మళ్ళీ కొడుతోంది.

బాషా ఉలి తీసుకుని లేచాడు.

“యాడికీ?” అంది ఖాతూన్‌బీ.

“స్టార్టరు కాడికి.”

“జైల్లో పెడతారేమో.”

“ఏమి పగలగొట్టినానో కోర్టులో చెప్పాల గదా. అది రహస్యం.”

ఒక్క దెబ్బకు లక్క రాలింది. మోటారు దగ్గింది, పట్టుకుంది. నీళ్ళు గొట్టంలో పాకుతుండగా బాషా బయటికి వచ్చి, శిలాఫలకాన్ని గడ్డపారతో పెకలించి, కుళాయి కింద మట్టిలో అక్షరాలు పైకి ఉండేలా పరిచాడు. బిందె కుదురుగా నిలవాలి కదా.

“దా వదినా,” అన్నాడు.

శ్రీశైలమ్మ చేతిపంపు వదిలేసి వచ్చి, ‘గౌరవనీయులైన’ మీద బిందె పెట్టింది.