బోరు నీళ్లు, బహిరంగ జ్ఞానం

జ్ఞానం ఇకపై ప్రజలందరిదీ అని ప్రభుత్వం ప్రకటించింది. (అప్పటిదాకా ఎవరిదో ప్రకటనలో లేదు.) ప్రజాధనంతో జరిగిన పరిశోధన ఏదైనా ఇక ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

ఈ మాటను మా వీధిలో ఇంట్లోనే బట్టలు కుట్టే ఒకావిడ నమ్మింది. ఆమె అత్తగారికి కొంతకాలంగా మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఆ మధ్య విశ్వవిద్యాలయం వాళ్లొచ్చి, వీళ్లు తాగే బోరు నీళ్లను సీసాల్లో పట్టుకెళ్లి, పరిశోధన చేసి, శాలువాలు కప్పించుకున్నారు. ఇంతకీ నీళ్లలో ఏముందో చదువుదామని కోడలు అత్తను వెంటబెట్టుకుని బహిరంగ జ్ఞాన కార్యాలయానికి వెళ్లింది.

అధికారి మంచివాడు. తనే లేచి కుర్చీలు వేశాడు.

"అంతా తెరిచే ఉందమ్మా. మీది ఏ సంస్థ?"

"సంస్థేం లేదండీ. ఇంట్లో కుట్టు మిషనుంది."

"అయ్యో. అయితే మీరు మామూలు ప్రజల కిందికొస్తారు. మీకు సారాంశం ఉచితం."

కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. ‘ఈ నీటిలో ముఖ్యమైన విషయాలు బయటపడ్డాయి. వివరాలు లోపల.’

"లోపలేముంది బాబూ?" అంది అత్తగారు.

"అది చదవాలంటే ముందు మీరు ప్రజలేనని తేలాలి పెద్దమ్మా."

"ఇంత వయసొచ్చింది, ఇంకా తేలలేదా?"

"నేనే ఇంటికొచ్చి తేలుస్తాను. ఆ పైన కొంత గడువుంటుంది." (కొత్త జ్ఞానం వేడిగా ఉంటుంది కనుక, చల్లారాకే ప్రజల చేతికివ్వాలని నిబంధన.)

"అందాకా ఆ నీళ్లు తాగొచ్చాండీ?" అడిగింది కోడలు.

"నీళ్లు మా శాఖ కాదమ్మా. నీళ్ల మీద పరిశోధన వరకే మాది."

అన్న మాట తప్పలేదు. మర్నాడే ఎండలో నడిచి, మెట్లెక్కి, రొప్పుతూ వచ్చాడు. (కార్యాలయానికి సంస్థ హోదా ఉంది కనుక, వచ్చేముందు పరిశోధన మొత్తం చదివాడు.) ఇల్లు చూశాడు, మిషను చూశాడు, ఇద్దరూ ప్రజలేనని తేల్చాడు. చెమటకు చొక్కా వీపుకంటుకుపోయింది. అత్తగారికి జాలేసి, కుంటుకుంటూ వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

అధికారి గ్లాసు వైపు చూశాడు. ఆవిడ మోకాళ్ల వైపు చూశాడు.

"వద్దు పెద్దమ్మా. నా సీసా తెచ్చుకున్నాను."

"ఏం బాబూ, మా నీళ్లు మంచివి కావా?"

"అది చెప్పే అధికారం నాకు లేదు" అంటూ సంచిలోంచి సీసా తీశాడు. రెండు గుక్కలు తాగి, మిగతాది ఆవిడ చేతిలో పెట్టాడు.

కోడలు అత్త దగ్గర గ్లాసు తీసుకుని తొట్టిలో పారబోసింది. వంటింట్లోకెళ్లి బిందె కూడా వంచేసింది.

అధికారి కలం తీసి నివేదిక పూర్తి చేశాడు: ‘పరిశోధన ఫలితాలు ప్రజలకు ఉచితంగా, సంపూర్ణంగా అందాయి.’