ఆరు వేల క్యాంపు

ఆ రోజు పొద్దున అబ్దుల్ గనీ వేసుకున్న పథకం చాలా చిన్నది. దుకాణం తెరవాలి, ఎదురుగా హులిగమ్మ బండి దగ్గర బొరుగుల ఉగ్గాణి తినాలి, సాయంత్రంలోగా ఇద్దరు మనుషులను పట్టుకోవాలి.

మనుషులెందుకంటే, కొండ ఎక్కడానికి. ఆదోని కోట కొండ కాదు, అది ఆయన ప్రతి ఆదివారం ఎక్కేదే. ఇది లదాఖ్‌లో ఉన్న ఆరు వేల మీటర్ల మంచు శిఖరం. ఇన్నేళ్లుగా తువాళ్లూ లుంగీలూ మడతపెట్టిన చేతులతో ఒక్కసారి మంచును ముట్టుకోవాలని ఆయన ఆశ. ఎమ్మిగనూరులో రిటైరైన లెక్కల మాస్టారు వెంకోబారావు జత కలిశాడు. బెంగళూరు నుంచి నలుగురు చేరారు. కానీ ఎనిమిది మంది లేకపోతే యాత్ర రద్దని గైడు నోర్బు ఫోన్లో తేల్చి చెప్పాడు. గడువు ఆ సాయంత్రమే. వచ్చే ఏడాదికి తన మోకాళ్లు తన మాట వింటాయో లేదోనని గనీకి బెంగ పట్టుకుంది.

ఆ బెంగలో ఆయన ఒక సంగతి పూర్తిగా మరిచిపోయాడు. బట్టల వర్తకుల సంఘానికి త్వరలో ప్రెసిడెంటు ఎన్నిక ఉంది. కమిటీలో ఏడుగురు. పోటీలో ఉన్నది తిమ్మన్న, హారూన్. తమతో కలిపి ఒక్కొక్కరి వైపు ముగ్గురు. ఎటూ చెప్పని ఏడోవాడు గనీ.

వెంకోబారావుకు చెవులు కొంచెం మందం. అందుకని గనీ ఫోను స్పీకరులో పెట్టి బజారంతా వినపడేలా మాట్లాడాడు.

"క్యాంపుకు పోతానే ఫోన్లు పనిచెయ్యవంట సారూ. మనం యాడుండామో ఎవురికీ తెలీదు."

"ఆరు వేలు ఖాయమేనా?"

"ఆరు వేలే. మాటిచ్చేసినా. ఇంగ ఎనక్కి తిరిగేది లేదు."

హులిగమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఎన్నికల ముందు ఓటర్లను ఊరు దాటించి, మేపి, ఫోన్లు లాక్కుని, ఓటు రోజున తెచ్చి దింపడాన్ని క్యాంపు అంటారని ఆమెకు తెలుసు. మంచు కొండల కింద కూడా క్యాంపులుంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆరు వేలు ఓటు ధరని, ఇచ్చేది హారూనేనని లెక్క వేసింది. కాసేపటికి ఉగ్గాణి పొట్లం కట్టించుకోవడానికి వచ్చిన తిమ్మన్నకు రెండు బజ్జీలతో పాటు ఆ వార్త కూడా కట్టి ఇచ్చింది.

"అన్నా, హారూన్ సాబు గనీ సాబును ఆరు వేలకు క్యాంపుకు తోలుకపోతాండాడు."

తిమ్మన్న పొట్లం విప్పకుండానే దుకాణంలోకి వచ్చాడు.

"గనీ భాయ్, ఆరు వేలకే పోతావా? మనం ఏడు వేలు సూసుకుందాం రా."

తిమ్మన్నకు కూడా కొండలంటే ఇంత ప్రేమ ఉందని తెలిసి గనీ మురిసిపోయాడు.

"ఏడు వేలు వద్దు తిమ్మన్నా, నా గుండె తట్టుకోదు. ఆరుకే ఊపిరాడదంటాండారు."

ఎక్కువ ఇస్తానంటే వద్దనే ఓటరును తిమ్మన్న పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వీణ్ణి ఎవరో గట్టిగానే బెదిరించారనుకున్నాడు.

"నిన్ను అంత బయపెట్టినారా?"

"బయముండల్లప్పా. బయం లేనోడు ఆడ కాలుజారి పోతాడు."

ఈ ఓటు చెయ్యి జారకుండా ఉండాలంటే దీని వెంటే ఉండటం తప్ప దారి లేదు.

"అట్లయితే నీకు తోడు నేనొస్తా!"

గనీకి నిజంగానే కళ్లు చెమర్చాయి. "వస్తావా! మనుషులు తక్కువైనారని నిద్దరే లేదు నాకు. లేహ్ దాకా విమానం, ఆడ్నుంచి జీపు. చలి బట్టలు తెచ్చుకో. ఎవురి ఖర్చు వాళ్లదే."

"ఎవురడిగినా అట్లనే చెప్పల్ల," అని తిమ్మన్న కన్ను గీటాడు.

ఇద్దరూ కావలించుకోవడం హులిగమ్మ చూసింది. అరగంటలో హారూన్ దిగబడ్డాడు.

"తిమ్మన్నను ఎంటబెట్టుకోని క్యాంపుకు పోతాండావంట. నేనేం పాపం చేసినా భాయ్?"

"నీవూ వస్తావా ఏమి?"

"ఆయప్ప యాడుంటే నేనాడ."

గనీ ఫోను అందుకుని, "సారూ, ఎనిమిది మందయినాం!" అని కేక పెట్టాడు. ఉన్నవే ఏడు ఓట్లయితే ఎనిమిదోది ఎక్కణ్ణుంచి తెచ్చాడా అని హారూన్ ఆయన్ను భక్తిగా చూశాడు.

మర్నాటి నుంచి గనీ ఇద్దరి వీపులకూ బరువు మూటలు కట్టి తెల్లారేసరికి కోట కొండ ఎక్కించాడు. ఓటు కోసం ఎవరికెంత ఓపిక ఉందో పరీక్షిస్తున్నాడని ఇద్దరూ అనుకున్నారు. ఒకరు ఎక్కుతుంటే రెండోవాడు ఆగలేకపోయాడు. తిమ్మన్న పొట్ట తగ్గింది, హారూన్ ఆయాసం తగ్గింది, ఇద్దరి అనుమానం మాత్రం తగ్గలేదు.

లేహ్‌లో నోర్బు ఒక్కొక్కరి చేతిలో మంచు గొడ్డలి పెట్టాడు. తిమ్మన్న గొడ్డలి వంక చూశాడు, ఎదురుగా ఉన్న తెల్లటి కొండ వంక చూశాడు.

"ఇదేంది గనీ భాయ్?"

"మనం ఎక్కేది అదే కదా! నీకు తెలీదా?"

ఈ ఇద్దరూ తిరుగు విమానం ఎక్కితే మిగిలిన ఆరుగురికీ యాత్ర లేదు. తిమ్మన్న హారూన్‌ను చూశాడు. హారూన్ తిమ్మన్నను చూశాడు. తెలియక వచ్చానని ముందు ఒప్పుకునేవాడు ఆదోని బజారులో ఇక తలెత్తుకు తిరగలేడు.

"నాకెందుకు తెలీదు? ఈయప్పకే తెలీదేమో," అన్నాడు తిమ్మన్న.

"నేను ఇందుకే కదా వచ్చింది!" అన్నాడు హారూన్. "పోటీ చేసేటోళ్లం మనమే ఈడుంటే ఎలక్షను యాడ జరుగుతాది!"

గనీ ఇద్దరి బూట్ల తాళ్లూ తనే కట్టాడు.

ఎన్నిక జరగాల్సిన ఆదివారం మధ్యాహ్నం బేస్ క్యాంపులో తిమ్మన్న, హారూన్ తలనొప్పితో ఒకే గుడారంలో, ఒకే రగ్గు కింద వెల్లుల్లి చారు తాగుతున్నారు. పక్క గుట్టెక్కి గనీ ఫోనెత్తితే సిగ్నలు ఒక్క గీత దొరికింది. అవతల భార్య హజరా బీ.

"అజీ, మీరు ప్రెసిడెంటు అయినారంట!"

"ఎవురు చేసినారు?"

"మిగిలినోళ్లు నలుగురూ హులిగమ్మ బండి కాడ కూర్చోని చేసినారు. ఆ ఇద్దర్నీ ఒక్క క్యాంపుకు తోలుకపోయినోడికంటే మొగోడు యాడ దొరుకుతాడన్నారంట."

గనీకి నవ్వు ఆగలేదు. ఆ ఎత్తులో నవ్వితే ఊపిరి అందదని నోర్బు చెప్పిన మాట గుర్తొచ్చి ఒక రాయి మీద కూర్చున్నాడు, కూర్చునీ నవ్వాడు. ఆ సంగతి గుడారంలో చెప్పేసరికి ఇద్దరు అభ్యర్థులూ మిగిలిన చారును సమానంగా పంచుకున్నారు. రెండు రోజుల తర్వాత తెల్లవారుతుండగా, శిఖరం మీద గనీ చేతి తొడుగు తీసి మంచును ముట్టుకున్నాడు. కొత్త తువాలులా మెత్తగా ఉందని వెంకోబారావు చెవిలో అరిచి చెప్పాడు.

క్యాంపుకు ఓటర్లను తీసుకుపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. అభ్యర్థులను తీసుకుపోయి గెలిచింది మాత్రం గనీ ఒక్కడే, అదీ ఎవరి ఖర్చుతో వాళ్లను.