నెమలి అవెన్యూలో తీతువు పురుడు

శుక్రమూఢమనే మహాంధకారం తొలగి, కల్యాణమండపాల తాళాలు మళ్ళీ తెరుచుకుని, పురోహితవర్యులు స్కూటర్లకు పెట్రోలు పోయించుకుంటున్న ఒకానొక శుక్రవార ప్రాతఃకాలాన, మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రాజమార్గం పక్కన, ‘వనవిహార్ గ్రీన్ సిటీ’ అనే సిమెంటు సీమలో, జానెడు నేల కోసం జరిగిన ఘోరసంగ్రామాన్ని చెబుతున్నాను, వినండి. నిలబడి వినలేనివారు నీడపట్టున కూర్చోండి, ఆ సీమలో నీడంటూ దొరికితే.

ఆ సీమ పూర్వం బీడు. సీతాఫలం చెట్లూ బలుసు పొదలూ ఈత గుబుర్లూ అల్లుకున్న ఆ కంటకారణ్యాన్ని కుందేళ్ళు, కౌజుపిట్టలు, ఉడుములు, నెమళ్ళు ఏ పట్టాదారు పాసుపుస్తకమూ లేకుండానే తరతరాలుగా ఏలుకున్నాయి. రియల్ ఎస్టేటు మహారాజుల దండయాత్రలో అదంతా ఒక్క వారంలో నేలమట్టమైంది. అయితే విజేతలు కృతఘ్నులు కారు. పారిపోయిన ప్రాణులకు వీధులు అంకితమిచ్చారు. నెమళ్ళు పోయిన చోట నెమలి అవెన్యూ వెలిసింది. కుందేళ్ళు పోయిన చోట కుందేలు క్రాస్ వెలిసింది. ఉడుముకు మాత్రం వీధి దక్కలేదు. ఆ పేరు పెడితే సైట్లు అమ్ముడుపోవట.

ఆ నెమలి అవెన్యూలో తూర్పు ముఖం సైటొకదానికి అధిపతి, పుంగనూరు బజారులో పప్పుధాన్యాల సామ్రాజ్యాన్ని చిరకాలం పాలించినవాడు, బీకాం పట్టభద్రుడు, తక్కెడ మొగ్గు ఎప్పుడూ కొనేవాడి వైపే ఉంచిన మెతక వీరుడు కృష్ణప్ప శెట్టి. భార్య పోయిన తర్వాత ఆయన మాట మరీ తగ్గింది. ఎవరికీ ఎదురు చెప్పి ఎరుగడు. కుప్పంలో కాపురముండే అక్క అన్నపూర్ణమ్మకైతే కలలో కూడా ఎదురు చెప్పలేదు.

సైటు చదును చేయించిన మర్నాడే మూఢం వచ్చి పడింది. మూఢంలో మనిషన్నవాడు ఇంటికి రాయి వేయడు గనక, ఆ నేల నెలకు పైగా అలాగే పడి ఉంది. పక్షికి పంచాంగం లేదు. రక్తచర్మాలంకృతవదన, పీతదీర్ఘజంఘ, కర్ణకఠోరకంఠి అయిన ఒక తీతువు పిట్ట, బీళ్ళన్నీ మాయమైన లోకంలో ఈ చదునైన కంకరనేలను చూసి, తన కోసమే ఎవరో పుణ్యాత్ములు సిద్ధం చేశారనుకుని, గులకరాళ్ళ నడుమ నాలుగు గుడ్లు పెట్టింది. పెట్టింది సరిగ్గా ఈశాన్య మూలన. దిక్సూచి పట్టుకున్న వాస్తుపండితుడు కూడా అంతకంటే శుద్ధమైన ఈశాన్యం చూపించలేడు.

సైటు చూసుకుందామని వచ్చిన కృష్ణప్ప దాన్ని చూశాడు. ఎండ ముదిరితే ఆ పిట్ట, నీళ్ళ ట్యాంకరు కారే చోటికి పరుగెత్తి, కడుపు ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చునేది. అది లేచి వెళ్తే జతపిట్ట వచ్చి కాపలా నిలిచేది. దాహమైందా అని అడిగే మనిషి లేని ఇంటికి వెళ్ళిన కృష్ణప్పకు, ఆ తడి ఈకలు తలుచుకుంటే ఎందుకో ఆ పూట అన్నం సయించింది. పిల్లలు లేచాకే మూఢం వదలాలని నవగ్రహాలకు మొక్కుకున్నాడు. గ్రహాలు విన్నాయి గానీ, ఒక్క పూట తొందరపడ్డాయి.

శంకుస్థాపన రోజు తెల్లవారేసరికి ఒక గుడ్డు పగిలి, తడి ముద్దలాంటి పిల్ల బయటపడి ఉంది. మిగిలిన మూడు గుడ్లూ బీటలిచ్చాయి. కృష్ణప్ప వాటికి గొడుగు పట్టి నిలబడ్డాడు. అప్పుడు కదిలి వచ్చాయి సేనలు. ముందు, దిక్కులు దద్దరిల్లేలా ఘీంకరిస్తున్న జేసీబీ అనే లోహగజాన్ని అధిరోహించి మావటి రెడ్డెప్ప. వెనక, తెల్లచొక్కా మడత నలగని వెంచరు ఏజెంటు జగదీష్. ఆపైన స్కూటరు మీద పురోహితులు లక్ష్మీపతి శర్మ. అందరికీ చివర, కుప్పం దగ్గర ఒకప్పుడు కొండగా ఉండి ఇప్పుడు పాలిషు పట్టిన పలకగా మారిన శంకుస్థాపన రాయిని ఆటోలో పెట్టించుకుని, అక్క అన్నపూర్ణమ్మ.

“ఏమప్పా శెట్టీ, వాన యాడుండాదని గొడుగు?” అని రెడ్డెప్ప పైనుంచి నవ్వాడు.

“గుడ్లుండాయి రెడ్డెప్పా. ఎండ తగల్తాది.”

“యాడ గుడ్లు? అన్నీ రాళ్ళే గదప్పా!”

ఆ మాటకు ఒక రాయి ముక్కు తెరిచి కీచుమంది.

అంతట తీతువు గగనతలానికెగసి, రెక్కలు విప్పి, లోహగజాన్ని ఉద్దేశించి ఇట్లు పలికెను: “ఓరీ పీతవర్ణ ఏకశుండ మత్తేభమా! నిలు నిలు! నీవారు మా బీడును పెకలించిన నాడు మేము మారు పలుకక తొలగితిమి. నా తల్లి శనగచేనికి పోగా అది వెంచరయ్యెను. నా మేనత్త గుట్టకు పోగా ఆ గుట్టయే కంకరయ్యెను. ఆ కంకర మీదనే నేనిప్పుడు గుడ్లు పెట్టితిని. ఇక నే నెచ్చటికి పోవలయును? నీ పన్నొక్కటి కదలెనా, మదనపల్లె మొదలు కుప్పము దాక ఒక్కని కన్నును మధ్యాహ్ననిద్ర మూయనీయను!”

మానవుల చెవులకు అందులో “తీ-తీ-తీతువు” మాత్రమే వినబడింది. పలికిన వెంటనే ఆ వీరమాత పిడుగులా దిగి, జేసీబీని వదిలి, జగదీష్‌ను వదిలి, తన బిడ్డలకు గొడుగు పట్టిన కృష్ణప్ప బట్టతలనే గురిచూసి కొట్టింది. ఉపకారం చేసేవాడు అందుబాటులో ఉంటాడు, అదే అతని తప్పు.

“తీతువు కూతరా కృష్ణా! రాయేసే పొద్దు ఈ అపశకునమేంది? తరమండప్పా దాన్ని!” అని అన్నపూర్ణమ్మ అరిచింది.

జగదీష్ ఒక కర్ర అందుకున్నాడు. “నువ్వు పక్కకు రాన్నా. గుడ్లు అట్లా ఎదురు సైట్లోకి నెట్టేస్తా. ఐదు నిముషాల పని.”

“బిరీన కానీండప్పా, లగ్నం దాటిపోతాది. నాకు నిమ్మనపల్లెలో ఇంగో శంకుస్థాపన ఉండాది” అన్నారు శర్మగారు.

ఆ క్షణాన కృష్ణప్ప హృదయకుహరంలో భేరీలు మోగాయి. ‘ఓయీ దండధరా! నా కంఠంలో ప్రాణముండగా ఈ గొడుగు దాటి నీ నీడ సైతం పడనేరదు!’ అని ఆయన సింహగర్జన చేయబోయాడు. బయటికి మాత్రం “కొంచిం ఆగండప్పా” అని వచ్చింది. ఎవరూ ఆగలేదు. కర్ర గొడుగు అంచును తాకింది. గత్యంతరం లేక కృష్ణప్ప తన జీవితంలో మొదటిసారిగా వాదానికి దిగాడు.

“స్వామీ, పురుడొచ్చిన ఇంట్లో శంకుస్థాపన జేయొచ్చునా?”

“జేయకూడదు. యాల, ఎవరికి పురుడు?”

“ఇంటామెకు” అని కృష్ణప్ప గొడుగు కిందికి చూపించాడు.

శర్మగారు పకపకా నవ్వారు. “పక్షికి పురుడేంది శెట్టీ? పురుడు జ్ఞాతులకు గదా!”

“మా గోత్రాన్ని పిట్టల్తో కలపొద్దురా, నాయిన ఏడ్సిపోతాడు!” అంది అన్నపూర్ణమ్మ.

“గోత్రం మాట కాదక్కా. కాగితంలో ఈ సైటు నాది. కాపురం మాత్రం ఆమెది. నాకింకా గడపే ల్యా. పురిటామెను లేపేసి ఆ పక్క మీదనే రాయేస్తే నాకు కలిసొస్తాదా, మీరే జెప్పండి స్వామీ.”

శర్మగారి నవ్వు ఆగింది. ఆయన శాస్త్రారణ్యంలో నలుదిక్కులా వెతికారు. ధర్మసూక్ష్మాలెన్నో దొరికాయి, తీతువు మాత్రం దొరకలేదు. “ఇట్లాంటిది రాసినట్టు ల్యా...” అని గొణిగారు.

“పురుడంటే పదకొండు రోజులాగాల్నా? బండి ఊరికే నిలబడుండాది స్వామీ!” అని జగదీష్ కర్ర ఊపుతూ మొత్తుకున్నాడు.

“ఉండప్పా, నేను సూస్తా” అని అన్నపూర్ణమ్మ కొంగు బిగించి, మోకాళ్ళు పట్టుకుని, గొడుగు కింద కూర్చుంది. ఇద్దరు కోడళ్ళ పురుళ్ళు దగ్గరుండి చూసిన మనిషి ఆమె. అక్కడ రెండో పిల్ల సగం పెంకులోనే ఉండి, మెడ నిలవక తూలుతూ, మళ్ళీ తల ఎత్తుతోంది. అన్నపూర్ణమ్మ లేచి, సేనల వైపు తిరిగింది.

“ఏమప్పా, పురిటింటి కాడ ఇంతమంది మగోళ్ళకు ఏం పని? సిగ్గుల్యా? పోండవతలకి! ఓ రెడ్డెప్పా, బండి ఆపు. పచ్చిబిడ్డల కాడ ఆ మోతేంది? జగదీషూ, కర్ర పారెయ్!”

“అక్కా, నువ్వే గదా తరమమంటివి?” అన్నాడు కృష్ణప్ప.

“అప్పుడు గుడ్లురా. ఇప్పుడు బిడ్డలు. నోర్మూసుకోని గొడుగు సక్కగా పట్టు, ఈ పక్క ఎండ పడ్తాండాది.”

లోహగజం ఒక్క దగ్గు దగ్గి నోరు మూసింది. సేనలు రోడ్డవతలికి వెనుదిరిగాయి. లగ్నం దాటిపోయింది. శర్మగారు గడియారం చూసుకుని, నిమ్మనపల్లె పని ముగించుకుని అభిజిల్లగ్నానికి వస్తాననీ, అభిజిత్తుకు ఏ దోషమూ ఉండదనీ తీర్పిచ్చి స్కూటరెక్కారు. అందరూ దూరం జరిగాక తల్లి తీతువు వచ్చి కూర్చుంది. కూర్చునే ముందు కృష్ణప్పను ఇంకోసారి తిట్టింది.

మధ్యాహ్నానికి నాలుగు పిల్లలూ ఆరి, బూడిదరంగు దూదిబంతుల్లా లేచి, పుట్టిన పూటే కాళ్ళూనుకుని, తల్లి వెంట ఎదురు సైటు వైపు నడక సాగించాయి. సాగదీసి చెప్పాలంటే అది మహాప్రస్థానం. కొలిచి చెప్పాలంటే రోడ్డు వెడల్పు.

“ఆ సైటు సోమారం రిజిస్ట్రేషన్ అన్నా” అని జగదీష్ మెల్లగా చెప్పాడు. ఈసారి అతని గొంతులో ఏజెంటు లేడు.

రోడ్డు అంచున జానెడెత్తు సిమెంటు గట్టు. మూడు పిల్లలు ఒక మట్టిపెళ్ళ ఆసరాగా ఎగిరి ఎక్కాయి. ఆ పెళ్ళ వాటి కాళ్ళ కింద పొడైపోయింది. నాలుగోది ఎగిరి పడింది, ఎగిరి పడింది, తల్లిని పిలిచింది. కృష్ణప్ప అటూ ఇటూ చూసి, కాలి చెప్పు విప్పి, గట్టుకు వాలుగా ఆనించి వెనక్కి జరిగాడు. పిల్ల కొంచెం ఆలోచించింది. తర్వాత ఆ తోలు రాచబాట మీదుగా పైకెక్కి పోయింది.

జయము! జయము! ఏ బుల్‌డోజరు కడుపునో పుట్టిన ఆ సిమెంటు దుర్గం, జానెడెత్తు మహాదుర్గం, వయసు ఒక్క పూట గల వీరుడి చేతిలో ఓడిపోయింది. భూమండలమంతటా ఆ రోజు పక్షులకు తిరిగి దక్కిన నేల అరచేతి వెడల్పు, అదీ సోమవారం దాకా.

“చెప్పు తెచ్చుకోరా, కాలు కాలిపోతాది” అంది అన్నపూర్ణమ్మ.

“పూజకు ఎట్లయినా విప్పాల్సిందే గదక్కా” అని, కృష్ణప్ప ఒంటిచెప్పుతో ఈశాన్యం వైపు నడిచాడు.